పాప యను రెండక్షరములు



ఉత్తరాదినుండి వచ్చిన రైలొకటి సికిందరాబాదు స్టేషనులో నిలిచి, దిగువారును ఎక్కువారును, కూలీలును, టీ అమ్మువారును ఒకరినొకరు త్రోసికొనుచున్న వేళ, ఆ జనసమ్మర్దము నడుమనుండి ‘పాపా! పాపా!’ యను కేక వినవచ్చినచో, పిలిచినవారెవరో, పిలువబడినవారెవరో కేకను మాత్రము విని నిర్ణయించుట ఎంతటి పండితునికైనను శక్యముకాదు. పిలిచినది తెలుగుతల్లి యైనచో ఆమె తన చేయి వదలి పోయిన బిడ్డను వెదకుకొనుచున్నది. పిలిచినది హిందీ మాటలాడు బిడ్డ యైనచో, ఆ బిడ్డ పెట్టెలు దించుకొనుటలో మునిగియున్న తండ్రిని వెదకుకొనుచున్నది. ఇద్దరి పెదవులును రెండుసార్లు కలిసి రెండుసార్లు విడినవి. రెండు నోళ్ల వెడలిన ధ్వనియు ఒక్కటియే. కాని తెలుగుమాట మన ద్రావిడకుటుంబము లోనిది, హిందీబిడ్డ నోటి మాట ఆంగ్లేయుల ఇండ్లనుండి ఇటీవల మన దేశమునకు దిగిన ఫ్రెంచి సొమ్ము. ఈ రెంటికిని చుట్టరికము లేదు. ఇట్లు ఒకరినొకరు ఎరుగని జాతులనడుమ, ఒకదానితో ఒకటి పొత్తులేని అర్థములతో, ఒకే వేషము ధరించి తిరుగుచున్న ఈ రెండక్షరముల కథను ఈ సాయంకాలము మీకు విన్నవింపదలచితిని.

ముందుగా మన యింటిలోనే విచారింతము. తెలుగున పాప యనగా పసిబిడ్డ. మగవాడైనచో పాపడు, ముద్దు హెచ్చినచో పాపాయి. తమిళమునను ఈ మాట ‘పాప్పా’ యను రూపమున కలదు; సుబ్రహ్మణ్యభారతి పసివారికై రచించిన గేయమునకు పేరే ‘పాప్పా పాట్టు’. కన్నడిగుల యిండ్లలోని ‘పాపు’ కూడ ఇదియే. ఈ పసితనపు మాటనుండియే మనకు పాపయ్య, పాపమ్మ, పాపారావు, పాపరాజు అను పేర్లు కలిగినవి. ఉత్తరరామాయణమును రచించిన కంకంటి పాపరాజు, 1757వ సంవత్సరపు బొబ్బిలి యుద్ధమున పేరుమోసిన తాండ్ర పాపారాయుడు, మన కాలమున కరుణశ్రీ యను పేర తెలుగువారి హృదయములనేలిన జంధ్యాల పాపయ్యశాస్త్రి, వీరందరును ఈ మాటనే నెత్తిన మోసినవారు. సంస్కృతము తప్ప అన్యమెరుగని కాశీపండితుడొకడు ఈ నామావళిని చదివెనేని, ఈ ఆంధ్రులు తమ వీరులకును కవులకును ఇట్టి దుర్నామము నేల తగిలించిరా యని విస్తుపోవుననుటలో సందేహము లేదు. కరుణను పేరుననే ధరించిన కవి యసలు పేరు చూడగా పాపయ్య! అతనికి సమాధానము చెప్పవలెనన్న, ఏ వీథియరుగుననో ఆడుకొనుచున్న బిడ్డను చూపి, ‘అయ్యా, మా పాప యిది, మీ పాపము వేరు’ అనుటకంటె గత్యంతరము లేదు.

ఇంతటితో మన యింటి లెక్క తీరలేదు. ప్రాచీన కావ్యములలో ఆదిశేషునకు ‘పాఁపఱేఁడు’ అని పేరు. పాములకు రాజు గనుక పాఁపఱేఁడు. పాము అను శబ్దము సమాసమున ముందు నిలిచినప్పుడు పాఁప యని మారును. తమిళమున పాముకు ‘పాంబు’ అనియు కన్నడమున ‘హావు’ అనియు పేళ్లు. తమిళమున నిండుగా నిలిచిన అనునాసికమే మన కావ్యభాషలో అరసున్నగా సన్నగిల్లినది. అచ్చుపుస్తకమున ఆ అరచందురుని చూచి ఇది పాము, ఇది పసిపాప యని చదువరి వివేకింపగలడు. రేడియోకు ఆ భాగ్యము లేదు. నేనెంత స్పష్టముగా ఉచ్చరించినను అరసున్న మీ చెవిని బడదు. కావున పాపఱేడని నేననినప్పుడు మీరు పసిబిడ్డల రాజును గాక వేయిపడగల సర్పరాజునే భావింపవలెనని మనవి. ఇక తలవెండ్రుకలను రెండుపాయలుగా చీల్చు పాపిడి యొకటి యున్నది. గోదావరీనది కొండలను పాపిడి తీసినట్లు చీల్చుకొని పోవుటచేతనే పాపికొండలకు ఆ పేరు కలిగినదని ఆ ప్రాంతపువారు చెప్పుకొందురు. పారసీకమున ‘పా’ యనగా పాదము, ‘పోష్’ అనగా కప్పునది; ఆ రెండును గూడి మన దేశమునకు వచ్చి పాపోసులైనవి, అనగా జోళ్లు. ఒక్క తెలుగుగడ్డపైననే ఈ ధ్వనికి ఇన్ని ఆకారములు!

పైని కాశీపండితుని ప్రసక్తి వచ్చినది గనుక ఆయన పాపమును కూడ కొంచెము పరామర్శింతము. ఋగ్వేదకాలమునుండియు దుష్టము, అశుభము అను అర్థముల వాడుకలోనున్న ఈ శబ్దమునకు, దేనినుండి మనుజుడు తన్ను తాను కాపాడుకొనవలెనో అదియే పాపమని మన శాబ్దికులు వ్యుత్పత్తి చెప్పిరి. రక్షించుట యను అర్థముగల ధాతువునుండి భక్షించునట్టి దానిని పుట్టించిన ఆ చమత్కారము పాండిత్యమునకు గొప్ప అలంకారమే గాని, ఆధునిక భాషావేత్తలు దానిని అంగీకరింపలేదు. వారిలో వారికిని ఈ శబ్దపు మూలముపై ఏకాభిప్రాయము కుదిరినది కాదు. నాకు ఆశ్చర్యము గొలుపునది దాని పుట్టుక కాదు, మన దేశమునకు వచ్చిన తరువాత దానికి కలిగిన పరిణామము. యమధర్మరాజు సభలో చిత్రగుప్తుడు లెక్కవ్రాయు భయంకరమైన ఈ మాట, తెలుగువారి వాకిటికి వచ్చునప్పటికి మెత్తబడి, జాలికి మారుపేరైనది. వానలో తడిసివచ్చిన పొరుగింటివానిని చూచి ‘పాపం!’ అందుము, పరీక్ష తప్పిన పిల్లవానిని చూచి ‘అయ్యో పాపం!’ అందుము, అతడు చేసిన దోషమేమియు మన మనసులో ఉండదు. తమిళులును మలయాళులును ‘పావం’ అని ఇదే జాలిని ప్రకటింతురు. నేడనుభవించు కష్టము వెనుకటి జన్మపు పాపఫలమను నమ్మకము ఈ మార్పునకు బీజమై యుండవచ్చును. కాని నమ్మకము వెనుకబడి దయ మాత్రము మాటలో మిగిలినది. ‘పాపం, పాపకు ఆకలియగుచున్నది’ అని తెలుగుయిల్లాలు అన్నప్పుడు, ప్రక్కప్రక్కన నిలిచిన ఆ రెండు మాటలలో మొదటిది ఆర్యకుటుంబమునుండియు, రెండవది ద్రావిడకుటుంబమునుండియు వచ్చినవని ఆమెకు తెలియనక్కరలేదు. పాలు కాగినచో చాలును.

ఇక గృహము విడిచి సముద్రము దాటుదము. గ్రీకుల ఆదికావ్యములలో రెండవదియైన ‘ఒడిస్సీ’ ఆరవ సర్గమున నౌసికా యను రాజపుత్రిక యొకతె కలదు. ఆమెకు పెండ్లియీడు వచ్చినది. కలలో దేవత సాక్షాత్కరించి, ఇంట మాసినబట్టలు పేరుకొనియుండగా పెండ్లి ఎట్లగునని మందలించి, నదికి పోయి ఉదుకుకొని రమ్మని ప్రబోధించినది. తెల్లవారగనే ఆ బాల సభకు బయలుదేరుచున్న తండ్రి దగ్గర నిలిచి, కంచరగాడిదలు పూన్చిన బండి యొకటి ఇప్పింపుమని అడుగును. అడుగునప్పుడు తన పెండ్లిమాట ఎత్తదు. మీరు సభలో పెద్దలనడుమ కూర్చుండువారు, మీకు ఉతికినబట్టలు కావలెను గదా యనును. మనయింట అన్నదమ్ములైదుగురు, అందులో ముగ్గురు బ్రహ్మచారులు, వారు నాట్యమునకు పోవునప్పుడెల్ల క్రొత్తగా ఉతికినవే కావలెనందురు గదా యనును. తండ్రి సర్వమును గ్రహించి, ఏమియు గ్రహింపనట్లే బండిని ఇప్పించును. ఇంతటి లజ్జాసుందరమైన ప్రార్థనకు ఆ బాల నోట వెడలిన మొదటి మాట ‘పాప్పా’. అనగా నాన్నా యని. రమారమి రెండువేల ఏడువందల యేండ్లనాటి ఆ కావ్యమున రాకుమారి తండ్రిని పిలిచిన పిలుపును నేటి ఫ్రెంచి బాలిక వినెనేని, అందు తనకు తెలియనిదేదియు లేదని యనుకొనును.

గ్రీకుబిడ్డ ఇంటిలో పలికిన ఆ ముద్దుమాట పిదప దేవాలయమున ప్రవేశించి సింహాసనమధిష్ఠించిన కథ మరియొకటి. తొలినాటి క్రైస్తవులు తమ గురువులను తండ్రులుగా భావించి, బిషప్పులను ‘పాపాస్’ అని పిలువసాగిరి. ఈజిప్టుదేశమున అలెగ్జాండ్రియా నగరపు బిషప్పునకు మూడవ శతాబ్దముననే ఈ బిరుదము చెల్లినది, నేటికిని చెల్లుచున్నది. లాటిను భాషలో ‘పాపా’ యైన ఈ మాట పశ్చిమదేశములలో క్రమక్రమముగా రోమునగరపు గురువునకే పరిమితమైనది. ఈ నామము లోకమున ఒక్కనికే చెల్లునను భావము 1075వ సంవత్సరమున ఏడవ గ్రెగరీ యను రోము గురువు కాలపు శాసనపత్రమున కానవచ్చుచున్నది. మనము ఆంగ్లమునుండి గైకొన్న ‘పోపు’ ఈ పాపాయే. తిరుగమోతపు పోపుతో దానికి బంధుత్వము లేదని వేరుగ చెప్పనక్కరలేదు. గ్రీకుపల్లెలో మాత్రము సామాన్యుడగు పురోహితునికిని ‘పపాస్’ అనియే పేరు నిలిచినది. అక్కడి మతాచార్యులు పెండ్లి చేసికొనినవారై యుండవచ్చును గనుక, వారి సంతతికి పురోహితపుత్రుడను అర్థమున పాపడోపౌలోస్ అను ఇంటిపేరు పుట్టినది. ఈ ఇంటిపేరున పాపడు, పౌలుడు ఇద్దరును తెలుగుచెవికి వినబడుదురు గాని, ఆ యిద్దరును అక్కడ లేరు.

ఇంతవరకు చెప్పిన పాప బిడ్డయో, తండ్రియో, గురువో, దోషమో, జాలియో, ఏదైనను మనుష్యునికి సంబంధించినది. దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతములపై మాట వేరు. ఇంకా చక్రవర్తుల సామ్రాజ్యమున రాజభాషయై, ఆ సామ్రాజ్యము స్పానిషువారి కత్తులకు బలియై నాలుగువందల యేండ్లు దాటినను నేటికిని లక్షలకొలది జనుల నోట సజీవమై యున్న కెచువా భాషలో ‘పాపా’ యనగా బంగాళాదుంప. ఇది అల్పమైన వస్తువని ఎవరైనను చిరునవ్వు నవ్వినచో, వారు ఆ పర్వతములను ఎరుగనివారు. సముద్రమట్టమునకు పండ్రెండువేల యడుగులకు పైబడిన టిటికాకా సరస్సు పరిసరములలో, మొక్కజొన్న సైతము సరిగా పండనొల్లని చలిలో, వేలకొలది సంవత్సరములనాడు అక్కడి రైతులు చేదైన అడవిదుంపలను మచ్చికచేసి పంటగా మార్చిరి. ఎర్రనివి, ఊదానివి, నల్లనివి, గుండ్రనివి, వంకరటింకరవి, ఇట్లు వేలాది రకములను వారు నేటికిని సాగుచేయుచున్నారు.

ఆ దుంపను వారు నిలువచేయు విధానము వినదగినది. జూన్, జూలై నెలలు ఆ దేశమున శీతకాలము. రాత్రులు నీరు గడ్డకట్టును, పగలు ఎండ చురుక్కుమనును. దుంపలను చదునైన నేలపై పరచి రాత్రియంతయు మంచునకు విడుతురు. లోపలి నీరు గడ్డకట్టి కణములను పగులగొట్టును. పగటియెండకు ఆ మంచు కరగి దుంపలు మెత్తబడగనే, స్త్రీలును పురుషులును వట్టికాళ్లతో వానిని తొక్కుదురు. నీరు జారిపోవును, తోలు ఊడిపోవును. ఇట్లు కొన్ని రాత్రులు, కొన్ని పగళ్లు గడచునప్పటికి దుంప గులకరాయివలె ఎండి, తేలికయై, ఏండ్లతరబడి చెడకుండ నిలుచును. దానినే చూన్యో అందురు. ఇంకాల ధాన్యాగారములలో సేనలకును, కరవుకాలమున ప్రజలకును ప్రాణాధారమైనది ఈ చూన్యోయే. పేద్రో సియేసా దె లియోన్ అను స్పానిషు సైనికుడు పెరూ దేశమంతయు తిరిగి 1553వ సంవత్సరమున తన గ్రంథమును ప్రకటించినప్పుడు, అప్పటికి ఐరోపాలోనివారెవరును రుచి చూడని ఈ పాపను పేర్కొని, ఉడికినచో మెత్తగానుండు ఒక నేలకాయగా దానిని వర్ణించెను.

ఆ దుంప స్పెయినుదేశమున దిగినపిదప పేరునకు చిక్కువచ్చినది. అంతకుముందే కరీబియను ద్వీపములనుండి చిలగడదుంప ‘బటాటా’ యను పేర అచటికి చేరియున్నది. రెండు దుంపలు, రెండు పేర్లు. సంతలో ఒకదానితో ఒకటి కలిసి, పాపా బటాటాలకు సంకరముగా ‘పటాటా’ యను పేరు పుట్టినది. జగద్గురువగు పోపును పిలుచు మాటతో దుంపను పిలుచుట అపచారమని భయపడి భక్తులే దుంప పేరు మార్చిరని ఒక కథ ప్రచారములోనున్నది. విన సొంపుగానున్నదే గాని నిజముకాదు. నిజమైనచో కానరీ ద్వీపములలోను దక్షిణ అమెరికా అంతటను నేటికిని ఆ దుంప పాపగానే చెలామణి యగుట ఎట్లు? స్పానిషువారు లింగభేదముతోను ఊనికతోను ఈ చిక్కును సునాయాసముగా విడదీసికొందురు: పుంలింగమున పాప పోపు, స్త్రీలింగమున పాప దుంప, చివరి యక్షరమును నొక్కి పలికినచో తండ్రి. ఆంగ్లేయులు బటాటానే పొటేటో చేసికొనిరి; అనగా వారు దుంపను తినుచు పిలుచునది చిలగడదుంప పేరుతో. పోర్చుగీసువారినుండి అదే బటాటా మహారాష్ట్రులకు వచ్చి బొంబాయి వీథులలో బటాటావడ యైనది. మనవారో, ఈ వివాదమునందేమియు జోక్యము కలిగించుకొనక, కోస్తాలో వంగదేశపుది గనుక బంగాళాదుంప యనియు, తెలంగాణమున ఆలుగడ్డ యనియు, రాయలసీమలో ఉర్లగడ్డ యనియు ఎవరి వంటయింటికి తగినట్లు వారు పేరు పెట్టుకొనిరి.

పసిఫిక్ మహాసముద్రపు ద్వీపములలో పాప యనగా చదునైన రాయి, పలక, నేల. న్యూజీలాండునందలి మావోరీలకు పాపా భూదేవి. ఆకాశమగు రంగీయు భూమియగు పాపయు గాఢాలింగనమున నుండగా, వారినడుమ చీకటిలో చిక్కుకొనిన బిడ్డలలో ‘తానే’ యను అరణ్యదేవత వెల్లకిల పరుండి, కాళ్లతో తండ్రిని పైకి తన్నిపట్టి వెలుతురునకు త్రోవ చేసెనట. ద్యావాపృథివులను తలిదండ్రులుగా స్తుతించిన వైదికఋషులకు ఈ కథ పరాయిదిగా తోచియుండదు; ఫ్రెంచివానికి మాత్రము పాప తల్లి యగుట వింతయే. ఆఫ్రికా తూర్పుతీరపు స్వాహిలీలో పాపా యనగా సొరచేప. అక్కడ తీరమున నిలిచి ‘పాపా’ యని కేకవేయుట క్షేమము కాదు.

ఇట్టి సామ్యములు చెవినిబడినప్పుడు మన దేశమున కొందరికి పూనకము వచ్చుట కద్దు. నేటి గ్రీకుభాషలో నీటికి ‘నెరో’ యని పేరు. ఇంకేమున్నది, గ్రీకులు తెలుగునేలనుండి పోయినవారే యనియో, తెలుగువారు గ్రీసునుండి వచ్చినవారే యనియో వ్యాసములు పుట్టును. ప్రాచీన గ్రీకున నీటికి ‘హుదోర్’ అని వేరు పేరుండెననియు, క్రొత్తది, తాజాది అను అర్థముగల విశేషణము నీటికి ముందు చేరి చేరి, తుదకు విశేష్యమును త్రోసివైచి తానే నీరుగా నిలిచినదనియు, మన నీరు ద్రావిడభాషలలో అనాదిగా ఉన్నదేయనియు చెప్పినను వారు వినరు. లోకమున ఇంచుమించు ఏడువేల భాషలున్నవి. మానవుని నోటికి సులభముగా పలుకు అక్షరములు కొన్ని పదులు. ఆ కొన్ని అక్షరములతో ఏడువేల భాషలవారును తమ వేలాది వస్తువులకు పేరు పెట్టుకొనవలెను. ఇట్టిచోట పేరునకు పేరు తగులకుండుటయే అద్భుతము, తగులుట కాదు.

అయినచో భాషల చుట్టరికమును నిర్ణయించుట ఎట్లు? ఒకేరీతిగా వినబడుటచేత కాదు, క్రమము తప్పక వేరుగా వినబడుటచేత. 1816వ సంవత్సరమున మదరాసున ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అను దొర, తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదనియు, తమిళ కన్నడములతో ఏకోదరమనియు నిరూపించుటకు ధాతువులను ప్రక్కప్రక్కన నిలిపి చూపెను. 1856లో కాల్డ్వెల్ అను పండితుడు ఆ త్రోవనే రాజమార్గము గావించెను. మన పాలు కన్నడిగునికి హాలు. మన పులి హులి. మన పది హత్తు. మన పల్లె హళ్ళి. మనము పాడుదుము, వారు హాడుదురు. పూర్వకన్నడమున పకారమే యుండెడిది, పదవ శతాబ్దము తరువాత క్రమముగా అది హకారమైనది. ఇట్లు వందలకొలది మాటలు ఒకే తీరున భేదించుటయే బాంధవ్యమునకు తిరుగులేని సాక్ష్యము. మరి ఆ లెక్కప్రకారము మన పాప కన్నడమున ‘హాపు’ కావలసియుండగా, పాపుగానే నిలిచియున్నదేమి? పెద్దల భాషలో పకారములన్నియు కొట్టుకొనిపోవుచున్నప్పుడు ఈ యొక్క మాటను కాపాడినదెవరు?

కాపాడినవారు పసిపిల్లలే. ఉయ్యాలలోని బిడ్డ వ్యాకరణసూత్రములకు లోబడడు. రెండు పెదవులను కలిపి, విడిచి, నోరు తెరచుట కంటె సులభమైన ఉచ్చారణ మానవునికి లేదు. అందుచేత ప్రతి తరమునను బిడ్డ ఈ ధ్వనిని క్రొత్తగా తయారుచేయును, పెద్దలు దానిని విని అందొక అర్థమును స్థాపింతురు. రష్యాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన రోమన్ యాకబ్సన్ అను మహాపండితుడు 1960వ సంవత్సరమున ‘మామా పాపాలు ఎందుకు?’ అను ప్రశ్ననే శీర్షికగా పెట్టి ఒక వ్యాసమును ప్రచురించెను. మానవశాస్త్రజ్ఞుడగు మర్డాక్ లోకమున నలుమూలలనుండి తలిదండ్రుల పేర్లను 1,072 సేకరింపగా, వానిని పరిశీలించి, తల్లికి మకార నకారములును, తండ్రికి పకార తకారములును బహుళముగా ఉండుటకు కారణమును ఆయన చెప్పెను: బిడ్డ పాలు త్రాగుచు నోరు మూసికొనియున్నప్పుడు ముక్కునుండి మాత్రమే ధ్వని రాగలదు, అది ‘మ్’ అను అనునాసికము, కావున పాలిచ్చు తల్లికి ఆ పేరు నిలిచినది. ఇది శాసనము కాదు, మొగ్గు మాత్రమే. జార్జియా దేశమున మామా యనగా తండ్రి, తల్లి ‘దెదా’. మనకో, మామ మేనమామయు పిల్లనిచ్చినమామయు. సంస్కృతమున ‘తాత’ యని తండ్రిని పిలువవచ్చును, కుమారుని బుజ్జగింపవచ్చును. రుమేనియాలో అది తండ్రి. మన యింట అరుగుపై కూర్చున్న ముసలివాడు.

ఇక్కడ నా యూహ నొకదానిని మనవిచేయనిండు. బిడ్డ అర్థములేక ‘పా పా’ యని పలుకగా విని, గ్రీకుతండ్రి నన్నే పిలిచినాడని మురిసి ఆ మాటను తన సొమ్ము చేసికొనెను. మన పూర్వులు ఆ పలుకును పలికినవారికే పేరుగా తిరిగి యిచ్చిరి. ఈ పంపకములో మనవారే ఎక్కువ న్యాయముగా నడచిరని నాకు తోచును.

రేడియోలో మాటలాడుచున్నాను గనుక, ఈ రెండక్షరములు రేడియోవారికి చేసిన ఉపకారమును చెప్పక విడుచుట కృతఘ్నత. విమానచోదకులు ఆకాశమునుండి పంపు అక్షరములు గరగరధ్వనులలో ఒకటి మరియొకటిగా వినబడుచుండుటచే, అక్షరమునకొక మాట చొప్పున అన్ని దేశములకును ఒకే పట్టికను ఏర్పరుపబూని, అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థవారు మాంట్రియాలు పండితుల సాయమున మాటలనేరి, ముప్పదియొక దేశములవారిచేత పలికించి, వినిపించి, పరీక్షించి, 1956వ సంవత్సరము మార్చి 1వ తేదీనుండి అమలుపరచిరి. అందు ఆంగ్లపు పకారాక్షరమునకు నిలిచిన మాట పాపా. ఏ దేశపువాని పెదవికైనను లొంగునది, ఏ దేశపువాని చెవికైనను దొరకునది అంతకంటె వేరొకటి ఏమి దొరకును?

ధ్వని యొక్కటై అర్థములు వేరైన ముచ్చట యింతవరకు. దీనికి సరిగా తలక్రిందులైనది యొకటి మన తెలుగు పాపలోనే దాగియున్నది. కంటినడుమనుండు నల్లని బిందువును మనము కంటిపాప యందుము, కనుపాప యందుము. ఎదుటివాని కంటిలోనికి సమీపమునుండి తేరిపార చూచినచో, అందు చిన్న బొమ్మవలె మన ప్రతిబింబమే కానవచ్చును. తల్లి బిడ్డను ఒడిలో నుంచుకొని కన్నులలోనికి చూచినప్పుడు అక్కడొక చిట్టిరూపము కదలును. తెలుగువారు దానిని పాప యనిరి. సంస్కృతమున దాని పేరు కనీనిక. కన్య యను మాటకు తోబుట్టువు. గ్రీకులు ‘కోరే’ యనిరి, అనగా బాలిక. రోమకులు ‘పుపిల్లా’ యనిరి, అనగా చిట్టిపాప, బొమ్మ. ఆంగ్లవైద్యులు వాడు ‘ప్యూపిల్’ దానినుండియే వచ్చినది, బడిలో చదువుకొను ప్యూపిల్ కూడ ఆ కుదురులోనివాడే. పారసీకులు ‘మర్దుమక్’ అనగా చిట్టిమనిషి యనిరి, అరబ్బులు కంటిలోని మానవుడనిరి. కోరేకును పాపకును, కనీనికకును మర్దుమక్‌నకును ధ్వనిలో పోలిక ఇసుమంతయు లేదు. గోదావరీతీరపు తల్లి గ్రీకుపండితుని అడిగి పేరు పెట్టినది కాదు. పాపయనగా దుంప యని చెప్పు పెరూ దేశపు స్పానిషువారు సైతము, కంటినడిమి నల్లబిందువునకు ‘నిన్యా’ యని, అనగా బాలిక యని, పేరు పెట్టుకొనియున్నారు.